మళ్ళీ ఆపరేషన్ ఎందుకు?

కణితి తీసేశారు. కీమో ముగిసింది. గోదావరి జిల్లాల్లో జనం ‘కరెంటు పెట్టడం’ అనే రేడియేషన్ కూడా పూర్తయింది. తీసేసిన రొమ్ము స్థానంలో పొట్ట కొవ్వుతోనో, వీపు కండతోనో, సిలికాన్ సంచితోనో కొత్త ఆకారం నిలబెట్టారు. జుట్టు మళ్ళీ వచ్చింది. ఇంటిల్లిపాదీ కుదుటపడ్డారు. అప్పుడు ప్లాస్టిక్ సర్జన్ పరీక్ష చేసి, ‘ఇంకో ఆపరేషన్ ఉందమ్మా’ అంటారు.

ఆమె అమలాపురం నుంచి వచ్చినా, తణుకు నుంచి వచ్చినా, రాజమండ్రిలోనే ఉన్నా అప్పుడు మనసులో మెదిలే ప్రశ్నలు అవే. మొదటిది సరిగ్గా చెయ్యలేదా? జబ్బు తిరగబెట్టిందా? ప్రాణం దక్కింది కదా, ఈ కోతలు ఇంకా అవసరమా? ఇంటికెళ్తే పెద్దవాళ్ళు మూడో ప్రశ్నకు తామే జవాబు చెప్పేస్తారు: ‘ఈ వయసులో ఇంకెందుకే, ఉన్నదాంతో సరిపెట్టుకో.’

మొదటి రెండు ప్రశ్నలకు వైద్యశాస్త్రం దగ్గర జవాబుంది. రొమ్ము పునర్నిర్మాణం చాలామందికి ఒక్క ఆపరేషన్‌తో పూర్తయ్యే పని కాదు. రెండోసారీ, ఒక్కోసారి మూడోసారీ కత్తి పట్టవలసి రావడం ఆ చికిత్స స్వభావంలోనే ఉంది. క్యాన్సర్ తిరిగి రావడానికీ దానికీ చాలా సందర్భాల్లో సంబంధం ఉండదు. మూడో ప్రశ్నకు మాత్రం ఆ స్త్రీ తప్ప మరొకరు జవాబు చెప్పలేరు. ఆ జవాబు భయంతోనో మొహమాటంతోనో కాక తెలివిడితో చెప్పాలంటే, లోపల ఏం జరుగుతుందో ఆమెకు తెలియాలి.

ప్రాణం నిలిచాక పుట్టిన ప్రశ్న

నూరేళ్ళ కిందట ఈ చర్చకు చోటే లేదు. 1894లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి సర్జన్ విలియం హాల్‌స్టెడ్ తన పద్ధతిని ప్రచురించారు. రొమ్మునూ, దాని కింది ఛాతీ కండరాలనూ, చంకలోని గ్రంథులనూ కలిపి తీసెయ్యడమే ఆ పద్ధతి. పక్కటెముకల మీద పల్చటి చర్మం మాత్రం మిగిలేది. చెయ్యి వాచేది, భుజం పైకి లేచేది కాదు. ఆ గుంటను వేరే కణజాలంతో పూడిస్తే తిరగబెట్టే జబ్బు దాని చాటున దాగిపోతుందన్న భయంతో హాల్‌స్టెడ్ పునర్నిర్మాణాన్ని వ్యతిరేకించారు. ఆ మాట దశాబ్దాల పాటు శాసనంలా చెల్లింది.

అంత విస్తారంగా కొయ్యనక్కర్లేదని తేలడానికి అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ 1971లో మొదలుపెట్టిన పరీక్ష కావలసి వచ్చింది. ఛాతీ కండరాలు తీసెయ్యడం వల్ల ఆయుష్షు పెరగదని ఆయన బృందం చూపించింది. ఆ పరీక్ష 25 ఏళ్ళ ఫలితాలు 2002లో వచ్చాయి. కండరం మిగిలితేనే దాని కింద సంచి పెట్టడానికి తావుంటుంది. కోత తగ్గడం పునర్నిర్మాణానికి తలుపు తీసింది.

ఆయుష్షు పెంచినవి మందులు. ఆ కథలో మన డెల్టా మనిషి ఒకరున్నారు. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకుని, అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలకు నాయకత్వం వహించారు. కణాలు విభజన చెందడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. దానికి అడ్డుపడే మందులను ఆయన బృందం తయారుచేసింది. మెథోట్రెక్సేట్ ఆ కుటుంబంలోదే. 1976లో ఇటలీలోని మిలాన్ నగరం నుంచి జియాన్ని బొనడొన్నా ఒక అధ్యయనం ప్రచురించారు. రొమ్ము తీసేశాక, చంక గ్రంథులకు జబ్బు పాకిన 386 మంది స్త్రీలలో 207 మందికి మెథోట్రెక్సేట్‌తో సహా మూడు మందులు కలిపి ఇచ్చారు. మిగిలిన 179 మందికి ఇవ్వలేదు. 27 నెలల దగ్గర చూస్తే, మందులు లేనివారిలో నూటికి 24 మందికి జబ్బు తిరగబెట్టింది. మందులు తీసుకున్నవారిలో తిరగబెట్టింది నూటికి అయిదుగురికే. ఆపరేషన్ తర్వాత కీమో ఇవ్వడమనే ఆచారానికి పునాది వేసిన అధ్యయనాల్లో అదొకటి. 1948లోనే కన్నుమూసిన సుబ్బారావు దాన్ని చూడలేదు.

2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి దాదాపు 1,92,000 మంది స్త్రీలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడుతోంది. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మనవాళ్ళకు ఇది సుమారు పదేళ్ళు ముందుగా వస్తోంది. నలభై అయిదేళ్ళకు జబ్బు నయమైన మనిషి ముందు ఇంకో ముప్పై ఏళ్ళ జీవితం ఉండొచ్చు. రోజూ స్నానం చేసేటప్పుడు, జాకెట్టు తొడుక్కునేటప్పుడు, పెళ్ళికి ముస్తాబయ్యేటప్పుడు తన దేహాన్ని తాను చూసుకోవలసిన ముప్పై ఏళ్ళవి. ‘ప్రాణం దక్కింది చాలు’ అన్న మాట అంత కాలానికి చాలదు. హాల్‌స్టెడ్ భయం కూడా నిలవలేదు. పునర్నిర్మాణం వల్ల క్యాన్సర్ తిరగబెట్టే అవకాశం పెరగదనీ, తిరగబెడితే కనుక్కోవడం అసాధ్యం కాదనీ తర్వాతి అధ్యయనాలు తేల్చాయి.

ఇరవై అయిదో రోజు

మెట్లు మెట్లుగా కట్టడం ప్లాస్టిక్ సర్జరీకి పుట్టుకతో వచ్చిన లక్షణం. ఈ విద్య మూలాలు మన దేశంలోనే ఉన్నాయి. తెగిన ముక్కును చర్మంతో తిరిగి కట్టే పద్ధతిని సుశ్రుత సంహిత వర్ణించింది. 1794 అక్టోబరులో లండన్ పత్రిక జెంటిల్మన్స్ మ్యాగజీన్ పుణె దగ్గర జరిగిన అలాంటి శస్త్రచికిత్సను బొమ్మతో సహా ప్రచురించింది. కోవాస్జీ అనే బండివాడికి నుదుటి చర్మాన్ని కిందికి మలిచి ముక్కు కట్టారు. నుదుటి నుంచి ముక్కు దాకా చర్మపు వంతెన ఒకటి ఉంచేసి, దాని గుండా రక్తం అందనిచ్చారు. సుమారు ఇరవై అయిదో రోజున, కొత్త చోట రక్తనాళాలు అతుక్కున్నాక, ఆ వంతెనను కోశారు. అప్పుడు ముక్కు రూపం తీర్చిదిద్దడానికి మరికొంత కోత అవసరమవుతుందని కూడా ఆ వ్యాసంలో ఉంది. ఐరోపా సర్జన్లు ఈ విద్యను ఆ వ్యాసం నుంచి అందుకున్నారు. అంటే రెండో ఆపరేషన్ మొదటి రోజు నుంచీ లెక్కలో ఉన్నదే.

రొమ్ము విషయానికొస్తే, వీపు మీది కండరాన్నీ చర్మాన్నీ చంక కిందుగా ముందుకు తిప్పి ఛాతీని కప్పే పద్ధతిని ఇటలీ సర్జన్ ఇజీనియో తాన్సీనీ 1906లో వివరించారు. హాల్‌స్టెడ్ ప్రభావంలో అది మరుగున పడింది. 1970లలో మళ్ళీ వెలికి వచ్చింది. పొట్ట కొవ్వును కండరంతో సహా ఛాతీ మీదికి మళ్ళించే పద్ధతిని 1982లో అట్లాంటా సర్జన్ కార్ల్ హార్ట్రాంఫ్ ప్రచురించారు. కండరాన్ని పొట్టలోనే ఉంచేసి, దాన్ని చీల్చుకుని వచ్చే సన్నని నాళాలతో పాటు కొవ్వునూ చర్మాన్నీ మాత్రమే తీసుకునే పద్ధతి 1990ల తొలినాళ్ళలో న్యూ ఆర్లీన్స్‌లో రాబర్ట్ ఆలెన్ చేతుల మీదుగా రూపుకట్టింది. దాన్నే ఇప్పుడు డీప్ ఫ్లాప్ అంటున్నారు.

కాలువా మురుగూ

ఫ్లాప్ అంటే సొంత రక్తప్రసారం ఉన్న కణజాలపు ముక్క. దాని బాగోగులు గోదావరి రైతుకు చెప్పినంత సులువుగా మరెవరికీ చెప్పలేం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ నేల తలరాత మారింది. ప్రధాన కాలువ నుంచి పంట కాలువకూ, అక్కడి నుంచి బోదెకూ, బోదె నుంచి మడికీ నీరు పారుతుంది. బోదె పూడితే మడి ఎండుతుంది. వీపు కండరాన్ని తిప్పినప్పుడు కాలువను తెంచరు, మడిని మాత్రం పక్కకు జరుపుతారు. డీప్ ఫ్లాప్‌లో మడినీ దాని బోదెనూ కలిపి పెకలించి, పొట్ట దగ్గరి కాలువ నుంచి తెంచి, రొమ్ము ఎముక పక్కన పారే మరో కాలువకు కలుపుతారు. ఆ ధమని అడ్డుకొలత రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. మైక్రోస్కోపు కింద, తల వెంట్రుక కన్నా సన్నని దారంతో కుడతారు. ఆరు నుంచి ఎనిమిది గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పట్టే పని అది.

మురుగు సంగతి కూడా డెల్టా మనిషికి తెలుసు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో మురుగు కాలువల దుస్థితి ఒకటి. నీరు రావడం ఎంత ముఖ్యమో, పోవడం అంతే ముఖ్యం. ఫ్లాప్‌లో ఆ మురుగు కాలువ సిర. ధమని బాగా పారుతున్నా సిర మూసుకుపోతే రక్తం నిలిచి, ఫ్లాప్ ఉబ్బి, నీలంగా మారుతుంది. అందుకే ఆపరేషన్ తర్వాత మొదటి ఒకటి రెండు రోజులు నర్సులు గంటగంటకూ వచ్చి రంగు చూస్తారు, వేలితో నొక్కుతారు, వెచ్చదనం పరీక్షిస్తారు. తేడా కనబడితే అర్ధరాత్రైనా థియేటర్‌కు తీసుకెళ్తారు. అలా హఠాత్తుగా చేసే ఆపరేషన్ చాలాసార్లు ఫ్లాప్‌ను బతికిస్తుంది. అనుభవమున్న కేంద్రాల్లో ఫ్లాప్ మొత్తం పోవడం అరుదు. కానీ పొట్ట ఒక్కసారికే పనికొస్తుంది. అక్కడి నుంచి తీసుకున్నాక మళ్ళీ తీసుకోవడానికి ఉండదు.

నికోటిన్ ఈ సన్నని నాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది. గోదావరి లంకల్లో పొగాకు పండుతుంది, చుట్ట కాల్చే అలవాటు పాతతరం ఆడవాళ్ళలోనూ ఉంది. చుట్టయినా, బీడీ అయినా, నమిలే పొగాకైనా ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందు మానెయ్యాలని సర్జన్లు పట్టుబట్టేది ఇందుకే. షుగరు అదుపులో లేకపోతే గాయం మానదు, చీము పడుతుంది. జబ్బు తిరగబెట్టకుండా వేసుకునే టామాక్సిఫెన్ మాత్ర రక్తం గడ్డకట్టే ముప్పును కొంత పెంచుతుంది కనుక, పెద్ద ఫ్లాప్ ఆపరేషన్‌కు ముందు కొన్ని వారాలు ఆపమనవచ్చు. ఆ నిర్ణయం క్యాన్సర్ వైద్యులూ సర్జనూ కలిసి చెయ్యవలసింది. రోగి తనంతట తాను ఆపకూడదు.

సంచి దారి

రెండో దారి ఇంప్లాంట్. 1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో తొలి సిలికాన్ సంచి పెట్టారు. రొమ్ము తీసేశాక చర్మం చాలనప్పుడు ముందు ఎక్స్‌పాండర్ అనే ఖాళీ సంచి పెడతారు. చర్మం కింద ఉండే చిన్న మూతలోకి సూది గుచ్చి, వారానికో రెండు వారాలకో కొంత చొప్పున సెలైన్ ఎక్కిస్తారు. చర్మం నెమ్మదిగా సాగుతుంది. కొన్ని నెలల తర్వాత దాన్ని తీసి అసలు ఇంప్లాంట్ పెడతారు. కాబట్టి ఈ దారిలో రెండో ఆపరేషన్ ముందే రాసిపెట్టి ఉంటుంది. 2013లో హాలీవుడ్ నటి ఏంజెలీనా జోలీ తన అనుభవం పత్రికలో రాసినప్పుడు లోకానికి ఈ క్రమం తెలిసింది. ముందు చనుమొనను కాపాడే చిన్న ఆపరేషన్, రెండు వారాలకు పెద్దది, తొమ్మిది వారాలకు ఇంప్లాంట్. అంత సంపన్నురాలికీ, అంత మంచి వైద్యానికీ మూడు మెట్లు కావలసి వచ్చాయి.

ఇంప్లాంట్ జీవితాంతం ఉండే వస్తువు కాదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ స్పష్టంగా చెబుతోంది. దేహం తనది కాని వస్తువు చుట్టూ మచ్చ కణజాలంతో ఒక పొర కడుతుంది. కొందరిలో ఆ పొర బిగుసుకుని, రొమ్ము గట్టిపడి, పైకి లాక్కుపోయి, నొప్పి పెడుతుంది. రేడియేషన్ తీసుకున్నవారిలో ఈ బిగింపు ఎక్కువ. సంచి ఏళ్ళ తరబడి నెమ్మదిగా కారవచ్చు కూడా. అందుకే సిలికాన్ సంచి ఉన్నవారు అయిదారేళ్ళ దగ్గర ఒకసారి, ఆపైన రెండు మూడేళ్ళకోసారి అల్ట్రాసౌండ్ లేదా ఎమ్మారై చేయించుకోవాలన్నది ఆ సంస్థ 2020లో ఇచ్చిన సలహా. గరుకు పైపొర ఉన్న కొన్ని రకాలతో ఒక అరుదైన లింఫోమా క్యాన్సర్ వస్తోందని తేలి, 2019 జులైలో అలర్గాన్ సంస్థ బయోసెల్ రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. ఏ కంపెనీ ఇంప్లాంట్ పెట్టారో, దాని నంబరేమిటో రాసిన కార్డును ఆధార్ కార్డంత భద్రంగా దాచుకోవాలి. పదేళ్ళ తర్వాత ఒకవైపు వాపు వస్తే ఆ కార్డే వైద్యుడికి దారి చూపుతుంది.

ఒక్కసారితో ఎందుకు ముగియదు?

దేహం మొదటి ఆపరేషన్ తర్వాత నెలల తరబడి మారుతూనే ఉంటుంది. వాపు తగ్గుతుంది, మచ్చ ముదిరి మెత్తబడుతుంది, ఫ్లాప్ కాస్త జారి తన చోటు వెతుక్కుంటుంది. ఆ మార్పు నిలకడకు రాకముందే చనుమొన కడితే అది తప్పు చోట కట్టినట్టవుతుంది. కనుక మూడు నుంచి ఆరు నెలలు ఆగి, అక్కడి చర్మాన్నే మలిచి చనుమొన కడతారు. కాలం గడిచేకొద్దీ దాని ఎత్తు బాగా తగ్గుతుందని తెలుసు కాబట్టి, మొదట్లో కావలసినదానికన్నా ఎత్తుగానే పెడతారు. చుట్టూ ఉండే ముదురు రంగు వలయాన్ని పచ్చబొట్టుతో వేస్తారు. అది వెలిసిపోతే మళ్ళీ వెయ్యాలి.

రెండో కారణం రెండో రొమ్ము. అది సహజంగా వయసుతో జారుతుంది, ఒళ్ళు చేస్తే పెరుగుతుంది. ఇంప్లాంట్ అలా మారదు. రెండూ ఒకలా కనబడాలంటే ఆరోగ్యంగా ఉన్న రొమ్మును కాస్త తగ్గించడమో పైకి ఎత్తడమో చేస్తారు. ‘మంచిదాన్ని ఎందుకు కొయ్యాలి’ అని ఇంట్లో అడుగుతారు. బరువు తేడా వల్ల మెడనొప్పి, భుజంనొప్పి వచ్చేవారికీ, జాకెట్టు ఏ వైపూ కుదరక ఇబ్బంది పడేవారికీ ఆ ఆపరేషన్ నిజంగా ఉపకరిస్తుంది. అవసరం లేదనిపిస్తే మానెయ్యడం వల్ల ఆరోగ్యానికి వచ్చే నష్టమేమీ లేదు.

మూడోది కొవ్వు నింపడం. తొడ నుంచో నడుము నుంచో పీల్చిన కొవ్వును శుద్ధి చేసి, గుంటలు పడిన చోట సన్నని సూదితో పొరపొరగా నింపుతారు. కొత్త చోట రక్తం అందినంత మేరకే అది బతుకుతుంది. మిగిలినది కరిగిపోతుంది. అందుకే రెండు మూడుసార్లు చెయ్యాల్సి రావచ్చు. చచ్చిన కొవ్వు కొన్నిసార్లు గట్టి గడ్డలా చేతికి తగులుతుంది. క్యాన్సర్ తిరిగొచ్చిందేమోనని గుండె ఝల్లుమంటుంది. స్కానింగుతో, అవసరమైతే సూది పరీక్షతో అదేమిటో తేల్చుకోవచ్చు. చేతికి కొత్తగా తగిలిన ఏ గడ్డనైనా చూపించుకోవలసిందే.

నాలుగోది చిక్కులు. అమెరికా, కెనడాల్లోని 11 కేంద్రాల్లో 2,343 మంది స్త్రీలను రెండేళ్ళ పాటు గమనించిన అధ్యయనం 2018లో వెలువడింది. ప్రతి ముగ్గురిలో ఒకరికి ఏదో ఒక చిక్కు వచ్చింది. దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరికి ఆ చిక్కు వల్ల మళ్ళీ ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చింది. పునర్నిర్మాణం పూర్తిగా విఫలమైంది నూటికి అయిదుగురిలో. పేరున్న ఆసుపత్రుల్లో, నేర్పరులైన సర్జన్ల చేతుల్లో వచ్చిన లెక్కలివి. ఈ సంఖ్యలు మొదటి ఆపరేషన్‌కు ముందే ఆమెకు చెప్పాలి. అలా చెబితే, రెండో ఆపరేషన్ మాట విన్నప్పుడు తన దేహమే తనను మోసం చేసిందన్న బాధ ఆమెకు ఉండదు.

ఏ ఆపరేషనూ పూర్తిగా తిరిగి ఇవ్వలేనిది స్పర్శ. రొమ్ముతో పాటు నరాలు తెగుతాయి. కొందరికి కొంత తిరిగి వస్తుంది, చాలామందికి మొద్దుబారే ఉంటుంది. ఇందులో ఒక ప్రమాదముంది. ఒళ్ళునొప్పులకు మన ఇళ్ళలో వేడినీళ్ళ సంచి పెడతారు, ఇసుక మూటతో కాపడం కాస్తారు. మొద్దుబారిన చర్మానికి వేడి తెలియదు. బొబ్బలెక్కాకే కంటపడుతుంది. కట్టిన రొమ్ము మీదా, కొవ్వు తీసిన పొట్ట మీదా కాపడం ఎప్పుడూ పెట్టకూడదు.

ఏ పని చేసే దేహం?

ఏ దారి మంచిదన్న ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు లేదు. రేడియేషన్ తీసుకున్న ఛాతీకి సొంత కణజాలం మేలని చాలామంది సర్జన్లు భావిస్తారు. సొంత కణజాలంతో కట్టించుకున్నవారు రెండేళ్ళ తర్వాత తమ రొమ్ము రూపం పట్ల ఎక్కువ తృప్తిగా ఉన్నారని పైన చెప్పిన అధ్యయన బృందమే గమనించింది. కానీ తీసుకున్న చోట కూడా దేహం మూల్యం చెల్లిస్తుంది.

ఊడ్పుల కాలంలో రోజంతా నడుం వంచి నాట్లు వేసే మనిషికి పొట్ట కండరం కీలకం. ఆ కండరాన్ని తీసుకునే పాత పద్ధతిలో పొట్ట బలహీనపడి ఉబ్బెత్తుగానో హెర్నియాగానో మారవచ్చు. దాన్ని సరిచెయ్యడానికి మరో ఆపరేషన్. కండరాన్ని వదిలేసే డీప్ ఫ్లాప్‌లో ఈ ముప్పు తక్కువ. చెయ్యి తలపైకెత్తి బరువులు దించే మనిషికీ, రొయ్యల షెడ్డులో గంటల తరబడి చేతులాడించే మనిషికీ వీపు కండరం ముఖ్యం. అది తిప్పితే భుజం బలం కొంత తగ్గుతుంది, వీపులో నీరు చేరి సిరంజితో తీయించుకోవలసి రావచ్చు. అయితే వీపు పద్ధతికి మైక్రోస్కోపు అక్కర్లేదు, సమయం తక్కువ పడుతుంది, మైక్రోసర్జరీ బృందం లేని ఊళ్ళోనూ చెయ్యగలరు. ‘మీరేం పని చేస్తారమ్మా’ అన్న ప్రశ్న సర్జన్ అడగకపోతే ఆమె తనంతట తానే చెప్పాలి. ఎన్నాళ్ళకు పొలానికి వెళ్ళొచ్చు, ఎన్నాళ్ళకు బిందె ఎత్తొచ్చు, ఎన్నాళ్ళకు మనవణ్ణి ఎత్తుకోవచ్చు అన్నవి ఆపరేషన్ ఎంపికను మార్చగల ప్రశ్నలు.

సమయం కూడా ఎంపికలో భాగమే. రేడియేషన్ తర్వాత చర్మం తేరుకోవడానికి సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఆగుతారు. ఆపైన ఎన్నేళ్ళు ఆగినా ఆ తలుపు మూసుకుపోదు. పదేళ్ళ కిందట రొమ్ము తీయించుకున్నవారు ఇవాళ పునర్నిర్మాణానికి వెళ్ళవచ్చు. పిల్ల పెళ్ళి అయ్యాకనో, కోతలు పూర్తయ్యాకనో చేయించుకుంటానంటే, రూపం కోసం చేసే ఆపరేషన్‌కు ఆ ఆలస్యం హాని చెయ్యదు. అయితే చీము, జ్వరం, సంచి బయటపడటం, హఠాత్తుగా వాపు వంటివి వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకూడదు.

చాలు అనే హక్కు

1978లో రొమ్ము తీయించుకున్న అమెరికన్ కవయిత్రి ఆడ్రీ లార్డ్ కృత్రిమ రొమ్ము పెట్టుకోనన్నారు. అది లేకుండా డాక్టరు దగ్గరికి వెళితే అక్కడి నర్సు మందలించింది, అలా వస్తే అక్కడివారి ఉత్సాహం దెబ్బతింటుందని. ఆ అనుభవాన్ని ఆమె 1980లో క్యాన్సర్ జర్నల్స్ అనే పుస్తకంలో రాశారు. కట్టించుకోకపోవడమూ, ఒక మెట్టు దగ్గర ఆగిపోవడమూ, పెట్టిన సంచిని తీయించేసి చదునుగా ఉండిపోవడమూ గౌరవించదగ్గ నిర్ణయాలే. మొదటి ఆపరేషన్‌కు సరేనన్న స్త్రీ రెండోదానికి వద్దంటే అది పిరికితనం కాదు. ఆమె తన దేహం పడ్డ కష్టాన్ని లెక్కగట్టి చెబుతోంది.

ఆగిపోయినవారికి బయట పెట్టుకునే ప్యాడ్లు ఉన్నాయి. సిలికాన్‌వి బరువు సరిగ్గా ఉంటాయి కానీ మన ఉక్కపోతలో చెమట పడతాయి, ధరా ఎక్కువే. లోకంలో చాలాచోట్ల స్వచ్ఛంద సేవకులు మెత్తటి నూలుతో అల్లి, లోపల మెత్తగా నింపి ఇస్తున్నారు. అవి తేలిక, ఉతుక్కోవచ్చు, గాలాడుతుంది. క్రోషా సూదితోనూ చెయ్యగలిగే పని ఇది. నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు పందొమ్మిదో శతాబ్దం నుంచీ లేసు అల్లుతున్నారు. ఆ అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఇన్ని వేల నేర్పరి చేతులున్న జిల్లాలో రొమ్ము తీయించుకున్న మనిషి గుడ్డ పేలికలు జాకెట్టులో కుక్కుకోవలసిన అవసరం లేదు. ఒక నమూనా, కొంత మంచి నూలు, ఆసుపత్రికీ అల్లేవారికీ మధ్య ఒక మనిషి ఉంటే ఇది ఇక్కడే మొదలుపెట్టవచ్చు.

సంతకానికి ముందు

ఇంకో ఆపరేషన్ ముందున్న స్త్రీ సంతకం పెట్టేలోపు అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ఈ ఆపరేషన్ ఆరోగ్యం కోసమా, రూపం కోసమా? చేయించుకోకపోతే ఏమవుతుంది? దీని తర్వాత ఇంకేమైనా మిగిలి ఉంటుందా? మీరు ఇలాంటివి ఎన్ని చేశారు, మీ దగ్గర చేయించుకున్నవారి ఫొటోలు, బాగా రానివాటితో సహా, చూపిస్తారా? ఫలితం నచ్చకపోతే వెనక్కి వెళ్ళే దారి ఉందా? ఆసుపత్రిలో ఎన్ని రోజులు, ఇంట్లో ఎన్ని వారాలు? ప్రశ్నలు రాసుకుని వెళ్ళాలి, జవాబులు రాసుకోవడానికి ఒకరిని వెంట తీసుకెళ్ళాలి. మరో సర్జన్ అభిప్రాయం తీసుకుంటానంటే మంచి వైద్యులెవరూ నొచ్చుకోరు.

డబ్బు సంగతి మొహమాటం లేకుండా అడగాలి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ల బరువును ఎన్నో కుటుంబాల మీది నుంచి దించింది. పునర్నిర్మాణంలో ఏ మెట్టు ఆ పథకం కిందికి వస్తుందో, ఏది రాదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి, అడ్మిషన్‌కు ముందే కాగితం మీద రాయించుకోవాలి. అమెరికా 1998లో ఒక చట్టం చేసింది. రొమ్ము తొలగింపు ఖర్చు భరించే ఆరోగ్య బీమా, పునర్నిర్మాణంలోని అన్ని మెట్లకూ, రెండో రొమ్మును సరిచేసే ఆపరేషన్‌కూ, బయట పెట్టుకునే ప్యాడ్లకూ, చెయ్యి వాపు చికిత్సకూ కూడా ఖర్చు భరించాలని అందులో రాసింది. ‘అన్ని మెట్లకూ’ అన్న ఆ ఒక్క మాటను మన పథకాలూ రాసుకుంటే, పొట్ట కొవ్వుతో కట్టిన రొమ్ము సగంలో ఆగిపోయి, మిగతాది డబ్బున్నవారికే అన్న పరిస్థితి తప్పుతుంది. రోగులూ, వైద్యులూ, ప్రజాప్రతినిధులూ గట్టిగా అడగవలసిన విషయమిది.

ఇంట్లోవాళ్ళకు ఒక మాట. ఆమె సరేనంటే, రెండు మూడు వారాలు వంటా బరువులూ మీరు చూసుకోండి, డ్రెయిన్ ట్యూబులో వచ్చిన నీరు కొలిచి రాసిపెట్టండి, కుట్ల దగ్గర ఎర్రబారితే వెంటనే ఫోన్ చెయ్యండి. వద్దంటే, ఎందుకని నిలదీయకండి. ఏ దారి పట్టినా రెండో రొమ్ముకు ఏడాదికోసారి మ్యామోగ్రాం, క్యాన్సర్ వైద్యుల దగ్గర క్రమం తప్పని పరీక్ష మానకూడదు. మందు బిళ్ళలు రాసినన్నాళ్ళూ వెయ్యాలి. ఆపరేషన్ తేదీ ఆసుపత్రి ఇస్తుంది. ‘సరే’, ‘వద్దు’, ‘ఇప్పుడు కాదు’ అన్న మూడు జవాబుల్లో ఏదైనా ఆమె నోటి నుంచే రావాలి, అది విన్నవారు దాన్ని నిలబెట్టాలి.